మా ముసలోళ్లను ఎవరడుగుతారు?

సింహాచలం కొండ చుట్టూ వున్న పేటల్లో ఏ మామ్మైనా ఇంటిదారి మర్చిపోతే, అన్నం తిని కూడా తినలేదని గొడవ చేస్తే, కన్నకొడుకుని పట్టుకుని 'ఎవరు బాబూ నువ్వు' అని అడిగితే మనం చెప్పుకునే మాట ఒకటే. 'ముసిల్దైపోనాది, మతి తప్పిపోనాది, ఏటి సేస్తాం' అంటాం. చాదస్తం అంటాం. కోడలు విసుక్కుంటుంది, పిల్లలు నవ్వుతారు. ఆసుపత్రికి మాత్రం ఎవరూ తీసుకెళ్లరు. తీసుకెళ్లాలంటే ఒకరి కూలి పోవాలి, ఆటోకి డబ్బులు కావాలి. తీరా వెళ్లాక 'వయసు కదమ్మా' అనే మాట వినడానికేనా ఇంత శ్రమ అని మనవాళ్ల లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు. అయితే ఆ లెక్క వల్లే మన ముసలోళ్లు ఏ రికార్డులోకీ ఎక్కడం లేదు.

ముసలితనంలో కొంత మరుపు సహజం. మనుషుల్ని, దారుల్ని, రోజువారీ పనుల్ని మర్చిపోవడం మాత్రం జబ్బు. దాన్ని డిమెన్షియా అంటారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఆ జబ్బు వుందని 2023లో అచ్చయిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. చదువుకున్నవాళ్ల కంటే చదువు లేనివాళ్లలో ఎక్కువ. ఆడది, పల్లెది, చదువు లేనిది. ఈ మూడూ కలిపి ఒక మనిషిని గీస్తే ఆ బొమ్మ ఎవరిలా వుంటుంది? మన పేటలో అరుగు మీద కూర్చున్న మామ్మలా వుంటుంది. బడికి పోనివ్వని కులవ్యవస్థ ఆమెకి అక్షరం దక్కకుండా చేసింది. ఆ లోటు డెబ్బై ఏళ్లకి మెదడు మీద కూడా పడుతోందని ఇప్పుడు సైన్సు చెబుతోంది.

ఇదంతా ఇప్పుడెందుకు? మతి జారుతున్న ముసలివాళ్ల చేత నడక, కసరత్తు, బరువులెత్తడం వంటివి చేయించి, జబ్బు నెమ్మదిస్తుందేమో చూసే పరిశోధనలు ప్రపంచమంతా జరుగుతున్నాయి. వాటికి మనుషులు కావాలి. మనుషులు దొరకడం లేదని పరిశోధకులు వాపోతుంటారు. రేపు మన పేటలకీ వాళ్లు రావచ్చు. వస్తే రానివ్వాలా, తరిమెయ్యాలా? మీటింగుల్లో కార్యకర్తలు అడుగుతున్నారు. దీని మీద మనకొక మాట వుండాలి.

ముందు ఆ కసరత్తు సంగతి చూద్దాం. అతిశయోక్తులకు పోకుండా తెలిసింది తెలిసినంతే చెప్పుకుందాం. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న, మతిమరుపు వచ్చే అవకాశం ఎక్కువగా వున్న 1,260 మంది మీద చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. తిండి, కసరత్తు, బుర్రకి పని, బీపీ చూసుకోవడం అన్నీ కలిపి రెండేళ్లు నడిపితే బుర్ర పనితీరు కొంత మెరుగ్గా నిలబడింది. అమెరికాలో 2,111 మందితో చేసిన అలాంటి అధ్యయనమే 2025లో వచ్చింది. ఎవరికి వాళ్లుగా చేసుకున్నవాళ్ల కంటే పద్ధతి ప్రకారం చేయించినవాళ్లకి మేలు కొంచెం ఎక్కువ కనిపించింది. ఇది జబ్బు రాకముందు మాట. వచ్చాక? ఇంగ్లండులో అప్పటికే డిమెన్షియా వున్న 494 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. గట్టి కసరత్తు చేయించారు. ఒంట్లో సత్తువ కొన్నాళ్లు పెరిగింది గానీ మతి జారడం ఆగలేదు. కాబట్టి 'మా దగ్గరికి రండి, కసరత్తు చేస్తే పోయిన జ్ఞాపకం తిరిగొస్తుంది' అని ఎవరైనా మన ముసలోళ్లకి చెబితే, ఎన్ని డిగ్రీలున్నవాడైనా సరే, వాడు చెప్పేది అబద్ధం. తెలియదు కాబట్టే పరిశోధన. తెలిసిపోతే పరిశోధన దేనికి, నేరుగా వైద్యం చెయ్యొచ్చు కదా.

ఇక అసలు ప్రశ్న. ఈ పరిశోధనల్లో ఎవరున్నారు? డిమెన్షియా వున్నవాళ్లలో నూటికి అరవయ్యారుగురు బీద దేశాల్లో వుంటే, పరిశోధనల్లో నూటికి పది కూడా వాళ్ల మీద జరగడం లేదని 1998లో కొచ్చిన్‌లో కూడిన పరిశోధకులు లెక్క తేల్చారు. తమ బృందానికి '10/66' అని ఆ లెక్కనే పేరు పెట్టుకున్నారు. దేశాల మధ్య వున్న ఈ తేడా దేశం లోపల లేదా? పొద్దున్నే బూట్లు వేసుకుని ఆర్కే బీచ్‌లో నడిచే రిటైర్డు ఆఫీసరు దొరికినంత సులువుగా అడివివరం, గోపాలపట్నం పేటల్లోని ముసలి కూలీ దొరకడు. మనల్ని వద్దని ఎవరూ మొహం మీద చెప్పరు. రూళ్లే ఆ పని చేస్తాయి. చదవడం రాయడం రావాలి. క్రమంగా ఆసుపత్రికి వస్తూ డాక్టరు చీటీ వున్న మనిషి కావాలి. వారానికి రెండు మూడుసార్లు సెంటరుకి రావాలి. ప్రతిసారీ మనిషిని ఎరిగిన తోడు ఒకరు వెంట రావాలి. కొడుకు చెన్నైలోనో హైదరాబాదులోనో భవన నిర్మాణం పనిలో వుంటే, కోడలు ఉపాధి పనికి పోతే, ఆ తోడు ఎక్కడ దొరుకుతుంది? కులం పేరు ఎత్తకుండానే గేటు మూసుకుంటుంది.

మనవాళ్లు లేకపోతే మనకి పోయేదేమిటి అనుకోవచ్చు. చాలా పోతుంది. డెన్మార్క్‌లో 4,721 మంది మగవాళ్లను 1970ల నుంచి కనిపెట్టి చూశారు. కూర్చుని పని చేసినవాళ్ల కంటే ఒళ్లు హూనమయ్యే పని చేసినవాళ్లకి డిమెన్షియా ముప్పు 55 శాతం ఎక్కువగా కనిపించిందని 2020లో చెప్పారు. దాని కారణాల మీద ఇంకా చర్చ నడుస్తూనే వుంది. అయినా మన బతుకు తెలిసినవాడికి ఒక సంగతి తడుతుంది. కసరత్తు చేసేవాడు అలిసినప్పుడు ఆగుతాడు, మంచినీళ్లు తాగుతాడు, పడుకుంటాడు. పోర్టులో బస్తా మోసే కళాసీకి, ఉక్కు ఫ్యాక్టరీ కాంట్రాక్టు కూలీకి, డ్రైనేజీలో దిగే మనిషికి, ఇటుకబట్టీలో తట్ట మోసే ఆడకూతురికి ఆగే హక్కు లేదు. ఆషాఢంలో కొండ చుట్టూ గిరి ప్రదక్షిణకి లక్షలమంది 32 కిలోమీటర్లు నడుస్తారు. ఒక్కరోజు నడక, అది పుణ్యం. ఆ మర్నాడు అదే దారి మీద చీపురు పట్టుకుని వంగి నడిచే పారిశుద్ధ్య కార్మికురాలిది ఏడాది పొడుగునా నడకే. దాన్ని ఎవరూ వ్యాయామం అనరు. ముప్పై ఏళ్లు అలా వంగిన నడుముకి, అరిగిన మోకాలికి ఏ కసరత్తు పనికొస్తుంది, ఏది హాని చేస్తుంది? బీచ్‌లో నడిచేవాళ్లని పరీక్షించి రాసిన పుస్తకంలో దీనికి జవాబు వుండదు. మనవాళ్లని చేర్చుకుంటేనే జవాబు దొరుకుతుంది.

చదువు రానివాళ్లని చేర్చుకోవడం కుదరదనే సాకు ఎప్పుడో చెల్లిపోయింది. 1990ల్లోనే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో నిరక్షరాస్యులైన ముసలివాళ్ల కోసం మతి పరీక్షని తిరగరాశారు. కాగితం మీద వాక్యం రాయమనే చోట మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు. చదివి కళ్లు మూసుకోమనే చోట నా మొహం చూసి నేను చేసినట్టు చెయ్యమన్నారు. అంతే, పని జరిగింది. మన హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసిన అధ్యయనం 2013లో ప్రపంచం దృష్టికి వచ్చింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా జబ్బు వచ్చింది. ఆ మేలు చదువు వల్ల వచ్చిందేమో అనే అనుమానం ఎలా తీరింది? బడి మొహం చూడనివాళ్లు కూడా అందులో వున్నారు కాబట్టి, వాళ్లలోనూ అదే తేడా కనిపించింది కాబట్టి. అక్షరం రాని మనిషి సాక్ష్యం చెబితేనే ఆ నిజం నిలబడింది. ఆంధ్రా సరిహద్దున కర్ణాటక కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో, తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో వున్నచోట, 45 ఏళ్లు దాటిన పదివేలమందిని ఏళ్ల తరబడి కనిపెట్టి చూడాలనే అధ్యయనం బెంగళూరు నుంచి నడుస్తోంది. పల్లెకి పోవాలనుకుంటే దారి వుంటుందన్నమాట.

భాష దగ్గర ఇంకో మాట. మన విశాఖలో పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా వున్న రెల్లి కుటుంబాల్లో పెద్దవాళ్లు కొందరు ఇంట్లో ఒడియాకి దగ్గరైన రెల్లి మాట మాట్లాడతారు. పుస్తకం తెలుగులో ప్రశ్న అడిగి, జవాబు తడబడితే 'మతి తప్పింది' అని రాసుకుంటే ఆ తప్పు ఎవరిది? రామ్మా అంటే రాని మనిషి, తన మాటలో పిలిస్తే వస్తుందేమో చూశారా?

ఇప్పుడు నాణేనికి రెండో వైపు చూద్దాం. మనల్ని గేటు బయట వుంచడం ఒక అన్యాయమైతే, అడక్కుండా లోపలికి లాక్కుపోవడం ఇంకో అన్యాయం. అమెరికాలో అలబామా రాష్ట్రం టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా నలభై ఏళ్లపాటు సర్కారు వైద్యులు ఏం చేశారో మనం మరిచిపోకూడదు. సుఖవ్యాధి వున్న 399 మంది నల్లవాళ్లని, పోల్చడానికి ఆ జబ్బు లేని 201 మందిని చేర్చుకున్నారు. భోజనం పెట్టారు, చచ్చిపోతే అంత్యక్రియల ఖర్చులు ఇస్తామన్నారు. జబ్బు పేరు చెప్పలేదు. 1940ల్లో పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం అందనివ్వలేదు. పేదవాడి ఆకలిని, చావు ఖర్చుని ఎర వేశారు.

అంత దూరం ఎందుకు? 2009లో మన ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి పరిశీలన చేశారు. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ చెప్పింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ మన ప్రశ్న కాదు. అడిగారా లేదా అన్నదే ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 ఒప్పుదల కాగితాలు చూస్తే 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద ఆడవాళ్లని డబ్బు ఆశ చూపి హైదరాబాదుకి మందుల పరీక్షలకి తీసుకుపోయిన సంగతీ అందరికీ తెలిసిందే. పిల్లకి బదులు వార్డెన్ సంతకం పెట్టినట్టే, రేపు మతి జారిన మామ్మకి బదులు ఎవరైనా వేలు పట్టుకుని ముద్ర వేయించరని నమ్మకం ఏమిటి? పిల్ల కనీసం పెద్దయ్యాక అడుగుతుంది. మామ్మకి అడిగినట్టు కూడా గుర్తుండదు.

అయినా మా మాట తరిమెయ్యమని కాదు. టస్కెగీ తర్వాత నల్లవాళ్లు పరిశోధనలకి దణ్ణం పెట్టి ఇంట్లో కూర్చోలేదు. మోసాన్ని నిలదీశారు, మమ్మల్ని వదిలేసి చేసే సైన్సు మాకు పనికిరాదనీ నిలదీశారు. సర్కారు డబ్బుతో చేసే వైద్య పరిశోధనల్లో ఆడవాళ్లని, మైనారిటీ జాతులని చేర్చుకోవాలని 1993లో అమెరికా చట్టం చేసింది. బలవంతం చెయ్యొద్దు, వెలివెయ్యొద్దు. ఈ రెండూ ఒక్క నోటితోనే అడగాలి.

అందుకే మేము అంటున్నాం, అన్నిటికన్నా ముఖ్యం అడిగే మనిషి ఎవరన్నది. ఒకటో తారీఖున ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టే సచివాలయం ఉద్యోగే కాగితం పట్టుకొచ్చి 'మామ్మా, ఇక్కడ వెయ్యి' అంటే, వద్దనే ధైర్యం మామ్మకి వుంటుందా? వద్దంటే పింఛను పోతుందేమో అనుకోదా? రేషను డీలరు అడిగినా అంతే, పని ఇచ్చే మేస్త్రీ అడిగినా అంతే. ఎవరికి కాదు అని చెప్పగలమో వాళ్లు అడిగినప్పుడే అవును అన్నమాటకి విలువ. ఈ మాట మనకీ వర్తిస్తుంది. సంఘం నాయకుడు చెప్పాడని పేటంతా క్యూ కట్టినా అది ఒప్పుదల కాదు. తలకింత అని కమిషను తీసుకుని ముసలోళ్లని ఆటోల్లో ఎక్కించేవాడు కార్యకర్త కాడు, మేస్త్రీ.

కార్యకర్తలు కంఠతా పట్టవలసిన సంగతులు కొన్ని వున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లో ఇవన్నీ వున్నాయి. ఎవరి దయా కాదు.

ఒకటి. పరిశోధనకి ఎథిక్స్ కమిటీ అనుమతి వుండాలి. ఆ కాగితం చూపించమనండి. దేశంలో ఇలాంటి పరీక్షలు నమోదు చేసే రిజిస్ట్రీ 2007 నుంచి వుంది, ఎవరైనా చూడొచ్చు. నమోదు నంబరు అడగండి.

రెండు. ఏం చేస్తారో, ఎన్నాళ్లు చేస్తారో, ఏం నష్టం రావచ్చో తెలిసే భాషలో చెప్పాలి. కసరత్తులో పడిపోవచ్చు, ఎముక విరగొచ్చు, గుండెకి ఇబ్బంది రావచ్చు. ముందు బీపీ, సుగరు, గుండె, కంటిచూపు పరీక్షించాలి. సగంమందికి కసరత్తు, సగంమందికి మామూలు వైద్యం అని చీటీ తీసినట్టు పంచుతారు. ఆ సంగతి మొదటే చెప్పాలి.

మూడు. చదవడం రాని మనిషి దగ్గర, పరిశోధకులతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి ఒకరు మొదటినుంచి చివరిదాకా వుండి సంతకం పెట్టాలి. కాగితం నకలు మనిషికి ఇవ్వాలి.

నాలుగు. మతి జారిందంటే మాట పోయినట్టు కాదు. చాలామంది తమకేం కావాలో ఇంకా చెప్పగలరు. చెప్పలేని స్థితిలో చట్టప్రకారం బాధ్యుడైన ఇంటిమనిషి ఒప్పుకోవాలి. అప్పుడు కూడా మామ్మ చెయ్యి విదిలించుకుంటే, మొహం తిప్పుకుంటే, రానని మొరాయిస్తే అది 'వద్దు' అన్నట్టే. నిన్న ఒప్పుకుంది కదా అనకూడదు. వచ్చిన ప్రతిసారీ అడగాలి.

ఐదు. ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకుంటే ఆసుపత్రిలో మామూలుగా అందే వైద్యం ఆగకూడదు.

ఆరు. దారి ఖర్చు, పోయిన కూలి ఇవ్వాలి. మనిషికి ఇచ్చి తోడొచ్చిన కోడలికి ఎగ్గొడితే ఆ ముసలామె రెండోవారం రాదు. పరిశోధన వల్ల దెబ్బ తగిలితే ఉచిత వైద్యం, నష్టపరిహారం వాళ్ల బాధ్యత.

వీటితోపాటు మేము అడిగేవి ఇంకొన్ని. సెంటరు కేజీహెచ్‌లో పెట్టుకుని మనుషులు రావడం లేదని గోల చెయ్యకండి. కసరత్తుని పేటకే తీసుకురండి. కమ్యూనిటీ హాలు వుంది, బడి ఆవరణ వుంది. పనికిపోయే టైములో కాక సాయంత్రం పెట్టండి. మా పేటల్లో పుట్టి చదువుకున్న పిల్లల్ని జీతం ఇచ్చి ఆ పనిలో పెట్టుకోండి. కసరత్తు దక్కని సగంమందికి అధ్యయనం అయిపోయాక అదే కసరత్తు నేర్పండి. ఏం తేలిందో పేటకి వచ్చి మైకులో చెప్పండి. మా దగ్గర తెలుసుకున్నది ఇంగ్లీషు పత్రికల్లో దాచుకుని మళ్లీ మొహం చూపించకపోతే దాన్ని ఏమంటారో మాకు తెలుసు. మా తాతలు పండించిన ధాన్యాన్ని కూడా అలాగే పట్టుకుపోయారు.

అధ్యయనాలు వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పినదాని ప్రకారం చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, సుగరు, పొగ, తాగుడు, తలకి దెబ్బలు, కాలుష్యం, ఒంటరితనం, కదలకపోవడం వంటి పద్నాలుగు కారణాలను తొలగించగలిగితే డిమెన్షియాలో 45 శాతం దాకా తప్పించే, వెనక్కి నెట్టే వీలుంది. ఈ పట్టీ ఒకసారి మళ్లీ చదవండి. ఫ్యాక్టరీ పొగ ఎవరి ఇళ్ల మీద పడుతోంది? హెల్మెట్ లేని పనిలో తల ఎవరిది పగులుతోంది? కళ్లజోడు, చెవి మిషను ఎవరికి దక్కడం లేదు? ఇది మందుబిళ్లతో తీరే జబ్బు కాదు. బడి, ఆసుపత్రి, కూలి, గాలి అన్నీ కలిసిన పోరాటం.

కార్యకర్తలకి మా విన్నపం. వచ్చే పక్షంలో ప్రతి పేటలో 60 దాటినవాళ్ల ఇళ్లకి వెళ్లండి. ఎవరికి మతి జారుతోందో, ఎవరు ఒంటరిగా వున్నారో, ఎవరి బీపీ ఎప్పుడూ చూడలేదో తెలుసుకోండి. ఆశా వర్కరుని వెంటబెట్టుకుని ఆసుపత్రికి చేర్చండి. ఎవరి పేరూ ఎవరికీ ఇవ్వకండి, ఏ మనిషి జబ్బూ రచ్చబండ మీద మాట్లాడకండి. చాదస్తం అనే మాట మన ఇళ్లలో మానిపించండి. రేపు పరిశోధకులు వస్తే కుర్చీ వెయ్యండి, పై ఆరు సంగతులూ ఒక్కొక్కటిగా అడగండి. అన్నిటికీ సరైన జవాబు చెప్పినవాళ్లని మామ్మ దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ మనం నోరు మూసుకుని కూర్చుందాం. వస్తాననడం, రాననడం ఆమె ఇష్టం. జీవితమంతా ఆమెని పని చెయ్యమన్నవాళ్లే గానీ, నీకిష్టమేనా అని అడిగినవాళ్లు లేరు.